మాకు బుట్ట అల్లడం నేర్పొద్దు, వెదురు ఇవ్వండి



కనిగిరి, పామూరు, వెలిగండ్ల, పీసీ పల్లి వైపు మీకు బంధువులుంటే ఈ తంతు చూసే ఉంటారు. కాలనీలోకి ఒక వ్యాను వస్తది. వేపచెట్టుకీ కరెంటు స్తంభానికీ మధ్య ఫ్లెక్సీ కడతారు: గ్రామీణ మహిళలకు హస్తకళల శిక్షణ. ముప్పై మంది ఆడవాళ్ళని చాపల మీద కూర్చోబెడతారు. పట్నం నుంచి వచ్చిన అమ్మాయి వెదురు బద్దలతో పెన్ను స్టాండు ఎట్టా చెయ్యాలో చూపిస్తది. ఎదురుగా కూర్చున్న మన పెద్దమ్మ పదేళ్ళ వయసు నుంచి బొంగు చీలుస్తా ఉంది. ఆమె వేళ్ళు కాయలు కాసి గట్టిపడి ఉన్నాయి. ఆ వేళ్ళు పట్టుకుని ఈ అమ్మాయి బద్ద వంచడం నేర్పిస్తది. అయిదు రోజులు. టిఫిను పొట్లం, సర్టిఫికెట్, గ్రూపు ఫొటో. ఆరో రోజు వ్యాను ఉండదు, వెదురూ ఉండదు.

ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆమెకి ఇచ్చే జీతం కూడా అంతంతమాత్రమే అయ్యుంటది. నా కోపం ఆ ఫ్లెక్సీ వెనకున్న ఆలోచన మీద. పల్లెకి కళ లేదు, పట్నం నుంచి తీసుకుపోయి ఇవ్వాలి అన్న ఆలోచన. ఆదివాసీకి పని రాదు, నేర్పిస్తే బాగుపడతాడు అన్న ఆలోచన. దీనికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అది తెలియకుండా మన పిల్లలు సర్టిఫికెట్ పట్టుకుని ఫొటోలో నవ్వుతున్నారు.

ముందు మన పేర్లు చూడండి. దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, కుంచె ఎరుకల, ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల. ఎవరి చేతిలో ఏ పని ఉందో శాఖ పేరే చెప్పేస్తది. దబ్బ అంటే చీల్చిన వెదురు బద్ద. ఈతపుల్లలు అంటే తట్టలు, గంపలు. కుంచె అంటే నేతగాడు పడుగుకి గంజి పెట్టి దువ్వే కుంచె. చీరాల చీర గురించి అందరూ గొప్పగా చెప్తారు. అసలు పడుగు కుంచె లేకుండా మగ్గం ఎక్కేది కాదు, ఆ కుంచె కట్టినోళ్ళ పేరు మాత్రం ఏ చీర అంచు మీదా ఉండదు. రైతు కళ్ళంలో తూర్పార బట్టిన చాట, మిరప కోతలో నెత్తికెత్తిన గంప, పెళ్ళిలో బియ్యం పోసిన చాట, కోడిపిల్లల మీద బోర్లించిన గంప: మెట్ట సేద్యం మొత్తం మన బుట్టల్లోనే నడిచింది. (మేదర అన్నలు కూడా ఇదే పని చేశారు, చేస్తున్నారు. వాళ్ళని పక్కనబెట్టి మనదొక్కటే అనడం అన్యాయం.)

మరి ఉప్పు ఎరుకల అనే పేరు ఎందుకుంది? ఎందుకంటే మనోళ్ళు వర్తకులు. సముద్రం ఒడ్డు నుంచి ఎద్దుల మీదా గాడిదల మీదా ఉప్పు మెట్టకి మోసుకొచ్చి, తిరుగు దారిలో ధాన్యం తీసుకుపోయేవాళ్ళు. లంబాడీలదీ అదే కథ, ఇంకా పెద్ద బిడారులతో. తెల్లోడి ఉప్పు గుత్తాధిపత్యం, ఉప్పు పన్ను ఒకవైపు, రైళ్ళు ఇంకోవైపు కలిసి ఆ వర్తకాన్ని చంపేశాయి. 1876-78 కరువు మిగిలింది ఊడ్చేసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో వెదురు కొట్టడానికీ ఎద్దులు మేపడానికీ అడ్డం పడ్డారు. బతుకు దారులన్నీ మూసేసి, తిరుగుతున్నారు కాబట్టి వీళ్ళు దొంగలు అన్నారు. 1871 నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. మీనా రాధాకృష్ణ 2001లో రాసిన పుస్తకంలో ఈ క్రమమంతా ఆధారాలతో ఉంది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు తప్పకుండా వెతుక్కుని చదవండి.

ఆ తర్వాత ఏం చేశారో వినండి, అసలు విషయం ఇక్కడే ఉంది. నేరస్తులని ముద్ర వేసినవాళ్ళని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల పక్కన స్టూవర్టుపురం, అవతల కావలి, ఇంకా చాలా. స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ అధికారి పేరు పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ పెద్ద బూత్-టక్కర్ దీనికొక శాస్త్రం పేరు కూడా పెట్టాడు: క్రిమినోక్యూరాలజీ. అంటే నేరానికి వైద్యం. ఆ వైద్యంలో మందులేమిటో తెలుసా? ప్రార్థన, హాజరు పట్టీ, చేతిపని. వాళ్ళ సెటిల్‌మెంట్లలో నేత, పట్టుపురుగుల పెంపకం, చాపలల్లడం లాంటివి నేర్పించారు. తరతరాలుగా అల్లుతున్న జనానికి అల్లడం నేర్పించడమే సంస్కరణ అయింది! పొద్దున హాజరు, పనిలో హాజరు, రాత్రి హాజరు. ఊరు దాటాలంటే పాసు. ఆ పొగాకు నేలలో ఆ చేతులే చివరికి చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీ అయ్యాయి.

1952లో ఆ చట్టం రద్దయింది. చేతిపని నేర్పితే మనిషి బాగుపడతాడనే మాట మాత్రం రద్దు కాలేదు. ఫ్లెక్సీ మీదున్న భాష కొంచెం మెత్తబడింది, అంతే. అప్పుడు సంస్కరణ అన్నారు, ఇప్పుడు సాధికారత అంటున్నారు.

ఇంకో సంగతి మన ప్రాంతం వాళ్ళకే సరిగ్గా గుర్తు లేదు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బళ్ళకొక కొత్త పథకం తెచ్చాడు. పిల్లలు సగం పూట బడికి రావాలి, మిగతా సగం పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలి. పెరియార్ దీన్ని కుల కల్వి, అంటే కులవిద్య అని పేరుపెట్టి వీధుల్లోకి తెచ్చాడు. 1954లో కామరాజ్ వచ్చాక ఎత్తేశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో పుట్టింది. 1953 అక్టోబరులో ఆంధ్ర విడిపోయే దాకా కనిగిరి కూడా మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లాలో ఉండేది. అంటే ఆ పథకం మొదలయ్యేనాటికి మనదీ ఆ రాష్ట్రమే. బ్రాహ్మల పిల్లోడికి ఇంటి వృత్తి అంటే పుస్తకం. మన పిల్లకి ఇంటి వృత్తి అంటే పందుల వెంట పోవడం, ఈతపుల్లలు కోసుకురావడం. సగం పూట చొప్పున ఇద్దరికీ ఒకే పథకం!

ఇప్పుడు 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. పద్ధెనిమిది వృత్తులు. అందులో బుట్టలు, చాపలు, చీపుళ్ళు చేసేవాళ్ళు ఉన్నారు, చేపల వలలు చేసేవాళ్ళు ఉన్నారు. శిక్షణలో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000, తర్వాత అయిదు శాతం వడ్డీకి లక్ష రూపాయల అప్పు, అది తీర్చాక రెండు లక్షలు. డబ్బు వస్తుంటే వద్దనమని నేను చెప్పను. ఇంట్లో జ్వరంతో పిల్లోడున్న తల్లికి రోజుకి 500 చిన్న విషయం కాదు. తీసుకోండి. కానీ రెండు ప్రశ్నలు అడగండి.

మొదటిది, పనిముట్ల సంగతి. బుట్టలల్లే మనిషికి పనిముట్టు ఏంది? ఒక కత్తి. ఇంకా కావాలంటే నూరుకునే రాయి. 15,000 రూపాయల పనిముట్లు ఎవరి లెక్క? ఆ డబ్బుకి వెదురు బొంగులిస్తే ఆమె ఆర్నెల్లు పని చేసుకుంటది. వెదురివ్వడం పథకంలో లేదు. రెండోది, ఆ పద్ధెనిమిదీ కుటుంబ వృత్తులు. ఇంటి పని ఏదో ఆ ఇంటివాళ్ళకే సాయం అన్నది దాని మూల సూత్రం. తమిళనాడు ప్రభుత్వం 2024 నవంబరులో సరిగ్గా ఇదే పట్టుకుంది. కుటుంబ వృత్తి అనే షరతు తీసెయ్యండి, కనీస వయసు 18 కాదు 35 పెట్టండి, చదువుకునే వయసు పిల్లల్ని అప్పు చూపించి తాతల పనిలోకి తొయ్యకండి అని చెప్పి, ఉన్నది ఉన్నట్టుగా అమలు చెయ్యం అంది. 1953 వాళ్ళకి గుర్తుంది. మనకి?

వెదురు దగ్గరకి వద్దాం. 1927 అటవీ చట్టం వెదురుని చెట్టు అంది. గడ్డి జాతి మొక్కని చెట్టు అన్నందుకు కొట్టినవాడు దొంగ అయ్యాడు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, దాని మీద అడవిలో ఉండే ఆదివాసీలకి యాజమాన్య హక్కు ఉంది అంది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మేండా లేఖా ఊరివాళ్ళు ఆ మాట పట్టుకుని పోరాడారు. 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికే వచ్చి వెదురు రవాణా పాసు పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి ఆ ఊరు తన వెదురు తనే అమ్ముకుంటోంది. ఆ ఊళ్ళో ఎవరూ ఫ్లెక్సీ కట్టి వెదురుపని నేర్పలేదు.

"వాళ్ళది అడవి కదా, మనది మెట్ట" అంటారు మీరు. నిజమే. ప్రకాశంలో ఒక్క షెడ్యూల్డు ఏరియా ఊరు లేదు. నల్లమల చెంచులని పక్కన పెడితే కనిగిరి చుట్టూ ఉన్న ఎరుకల, సుగాలి, యానాది ఇళ్ళన్నీ మైదాన ప్రాంత గిరిజనుల లెక్కలోకి వస్తాయి. పెసా మనకి లేదు. అందుకే 2017 నవంబరులో వచ్చిన మార్పు మనకి ముఖ్యం. అడవి బయట పెరిగే వెదురుని చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. అంటే చెరువు గట్టు మీద, వాగు పోరంబోకులో, పంచాయతీ బీడులో వెదురు పెంచితే కొట్టుకోవడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి అక్కర్లేదు. అడ్డం ఆ చట్టం కాదు, నేల. మన మెట్టలో ఖాళీ నేల ఏమవుతోందో కళ్ళారా చూస్తున్నాం. సుబాబులు, జామాయిలు తోటలు పేపరు మిల్లులకి పోతాయి. ఈత చెట్లున్న వాగులో సర్కారు తుమ్మ నిండింది. ఉపాధి పనుల్లో గుంతలు తవ్వినవాళ్ళే ఆ గుంతల్లో వెదురు పెట్టుకుని, ఆ కోత హక్కు బుట్టలల్లే ఇళ్ళకి రాసివ్వమంటే "చూద్దాం" అంటారు.

పేపరు మిల్లు అన్నాను కదా, ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతా. 1975లో కర్ణాటకలో బుట్టలల్లేవాళ్ళే వెళ్ళి ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు, మిల్లులు వెదురంతా మింగేస్తున్నాయని. మాధవ్ గాడ్గిల్ అనే శాస్త్రవేత్తని విచారించమన్నారు. ఆయన వెళ్ళి చూస్తే మిల్లుకి టన్ను వెదురు ఒకటిన్నర రూపాయికి ఇస్తున్నారు. బుట్టలోళ్ళు బజారులో దానికి వందల రెట్లు పెట్టి కొంటున్నారు. ఇంకోటి కూడా బయటపడింది. పొద మొదట్లో ఉన్న ముళ్ళ కంప తీసేస్తే వెదురు బాగా పెరుగుద్దని అటవీ శాఖ తీసేయించింది. ఊరివాళ్ళేమో ఆ ముళ్ళు తీస్తే లేత మొలకని పశువులు తినేస్తాయని చెప్తున్నారు. చివరికి ఊరివాళ్ళ మాటే నిజమని తేలింది. ఇది బొంగు చీల్చే చేతి తెలివి. ఏ శిక్షణ శిబిరంలో ఈ తెలివిని అడిగి రాసుకున్నారు?

మన రాష్ట్రంలోనే చూడండి. కొండపల్లి బొమ్మకి తెల్ల పొణికి కర్ర కావాలి. ఏటికొప్పాక లక్కబొమ్మకి అంకుడు కర్ర కావాలి. రెండూ పేరున్న కళలు, రెండింటికీ జీఐ ముద్ర ఉంది, రెండుచోట్లా కర్ర దొరక్క అవస్థ పడ్డారు. ముద్ర ఉన్నవాళ్ళకే ఇట్టా ఉంటే మన ఈతపుల్లల తట్టకి దిక్కెవరు?

ఇక అమ్మకం సంగతి. మిరప కోతలో ఇప్పుడు ప్లాస్టిక్ తట్ట వచ్చింది, చాటకి బదులు రేకు చాట వచ్చింది. రైతుని తిట్టి లాభం లేదు, ఆయనకి చవక. కాబట్టి మనవాళ్ళు పెన్ను స్టాండు చేసి పట్నంలో అమ్మాలి అంటున్నారు. సరే, అమ్ముదాం. కానీ పట్నం స్టాల్లో దాని పక్కన ఎవరి పేరుంటది? సంస్థ పేరుంటది. "గిరిజన మహిళలు చేసినది" అని ఉంటది. గిరిజన మహిళలు అనే మనిషి ఒకతి ఉందా? ఆమెకి పేరు లేదా?

సుగాలి అక్కల కుట్టు చూడండి. పేటియా మీద, కాంచళి మీద అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే ఆ పని నేర్పడానికి ఏ డిజైనరూ పుట్టలేదు. మన పక్క బళ్ళారి జిల్లా సండూరులో లంబాణీ కుట్టుకి జీఐ గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులు ఒకేచోట పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. సంతోషం. సండూరులో ఏళ్ళ తరబడి ఒక కేంద్రం నిలబడి ఆ స్త్రీలకి పని ఇచ్చింది కాబట్టే అది సాధ్యమైంది, అయిదు రోజుల వ్యానుతో కాదు. మరి కనిగిరి తండాల్లో అదే కుట్టు తెలిసిన అవ్వలు ఏం చేస్తున్నారు? పత్తి ఏరడానికి పోతున్నారు. వయసులో ఉన్నవాళ్ళు హైదరాబాదులో సిమెంటు మోస్తున్నారు. పైగా పీఎం విశ్వకర్మ పద్ధెనిమిది వృత్తుల్లో టైలర్ ఉన్నాడు, అద్దాల కుట్టు లేదు.

కళని పల్లెకి తీసుకుపోవడం ఎప్పుడూ చెడ్డదే అని నేననను. ఆస్ట్రేలియాలో పపున్యా అని ఒక ఊరుంది. ఆదివాసుల్ని తెచ్చి కుదేసిన సర్కారు ఊరు, మన స్టూవర్టుపురానికి చుట్టం అనుకోండి. 1971లో జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు అక్కడ పిల్లలతో బడి గోడ మీద బొమ్మ వేయించబోయాడు. పెద్దలు వచ్చి ఆ పని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఏ బొమ్మ వెయ్యొచ్చో, ఏది వెయ్యకూడదో వాళ్ళే తేల్చారు. మరుసటి ఏడాది, 1972లో, సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఇవాళ్టికీ దాని యజమానులు ఆ చిత్రకారులే. పంతులు రంగులిచ్చాడు, గోడ ఇచ్చాడు, పక్కకి జరిగాడు. ఆ పక్కకి జరగడమే మనోళ్ళ శిబిరాల్లో కనపడదు.

అయినా అక్కడా మోసం జరిగింది. జానీ వారంగుల అనే పెద్దాయన 1972లో వేసిన ఒక చిత్రానికి ఆయనకి దక్కింది 150 డాలర్లు. అదే చిత్రం 2000లో 4,86,500 డాలర్లకి మారకం అయింది. ఆయన అప్పుడు బతికే ఉన్నాడు, పేదరికంలో ఉన్నాడు. జనం గొడవ చేస్తే చేస్తే చివరికి 2009లో చట్టం తెచ్చారు: బొమ్మ మళ్ళీ అమ్ముడైతే చిత్రకారుడికి అయిదు శాతం. చేసిన మనిషి పేరు రాసి ఉండబట్టే అది ఆయనదని తెలిసింది. మన పెద్దమ్మ బుట్ట మీద పేరు లేదు.

ఇక తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీతో సూటిగా ఒక మాట. "మాకీ బుట్టలొద్దు, నేను సాఫ్ట్‌వేర్ చేస్తా, నర్సింగ్ చేస్తా" అంటే నేను చప్పట్లు కొడతా. బుట్ట అల్లితేనే ఎరుకల అని, అద్దాల లంగా కడితేనే సుగాలి అని చెప్పేవాళ్ళని నమ్మొద్దు. సంస్కృతి కాపాడండి అని మనకే చెప్తారు, వాళ్ళ పిల్లల్ని మాత్రం కార్పొరేట్ కాలేజీలో వేస్తారు. కానీ బుట్ట అల్లడం సిగ్గు అని మీరనుకుంటే మాత్రం ఆ సిగ్గు మీది కాదు, ఊళ్ళో వాళ్ళు మీ మీద వేసింది. మీ అమ్మకి ఆ లెక్క ఎట్టా వస్తదో ఎప్పుడైనా చూశారా? కొలబద్ద లేకుండా పదహారు బద్దలు సమంగా చీలుస్తది. ఏ బొంగు ఏ నెలలో కొడితే పురుగు పట్టదో చెప్తది. అది చదువే. దాన్ని చదువుగా ఒప్పుకునే బడి లేదు, అంతే.

నేను అడిగేది ఆ బడి గురించే. 2020 జాతీయ విద్యా విధానం స్థానిక కళలు తెలిసినవాళ్ళని బళ్ళలో మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లుగా పెట్టుకోమంటోంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు సంచి లేకుండా చేతిపనివాళ్ళ దగ్గర గడపమంటోంది. కాగితం మీద ఉంది. మరి కనిగిరిలో ఏ హైస్కూల్లో ఏ ఎరుకల అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని పాఠం చెప్పింది? చెప్పాలి. జీతం తీసుకుని చెప్పాలి, శాలువా కప్పించుకుని కాదు. ఆ పాఠం రెడ్ల పిల్లలకీ కోమట్ల పిల్లలకీ మన పిల్లలకీ అందరికీ చెప్పాలి. అట్టాగే మన పిల్లలకి బుట్టే కాకుండా రంగులు, మట్టి, కెమెరా, డప్పు, నాటకం అన్నీ అందాలి. మన గురుకులంలో పిల్ల వెదురు ముట్టుకోకుండా నీటిరంగులే నేర్చుకుంటానంటే నేర్చుకోనివ్వాలి. ఎరుకల పిల్లకి బుట్ట, మిగతా పిల్లలకి కోడింగు అని పంచారంటే అది 1953 పథకమే, పేరు మారింది.

కాబట్టి ఈసారి మీ కాలనీలో ఫ్లెక్సీ కడితే గొడవ పెట్టుకోనక్కర్లేదు. రిజిస్టర్‌లో సంతకం పెట్టకముందే మన ఆడవాళ్ళ తరఫున మీరు లేచి అడగండి. శిబిరం అయ్యాక వెదురు ఎవరిస్తారు, ఎంత రేటుకి? సరుకు ఎవరు కొంటారు, ఆ మాట కాగితం మీద రాసిస్తారా? సరుకు మీద చేసినామె పేరు ఉంటదా? నేర్పే చోట మా అమ్మని ఎందుకు పెట్టలేదు, ట్రైనర్‌కి ఇచ్చే డబ్బు ఆమెకి ఇస్తారా? జవాబు రాసిస్తే శిబిరం పెట్టుకోనివ్వండి. రాసివ్వకపోతే ఆడవాళ్ళని పొలానికి పోనివ్వండి, కనీసం ఆ రోజు కూలీ దక్కుతది.

రెండో పని మనదే. మీ ఊళ్ళో చెరువు గట్టు, వాగు పోరంబోకు సర్వే నంబర్లు సచివాలయంలో అడిగి రాసుకోండి. ఎన్ని ఇళ్ళు వెదురు పని, ఈత పని చేస్తున్నాయో పేర్లతో జాబితా తయారు చెయ్యండి, ఆడవాళ్ళ పేర్లే ముందు రాయండి. ఆ రెండు కాగితాలు జతచేసి, ఆ నేలలో ఉపాధి పనుల కింద వెదురు నాటించి కోత హక్కు ఆ ఇళ్ళకే ఇవ్వాలని అర్జీ రాయండి. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. ఒక్కరే పోకుండా జాబితాలో ఉన్న అమ్మల్ని వెంటబెట్టుకుని పోండి, రసీదు తీసుకోకుండా బయటికి రాకండి.